క² తీసి చ పెట్టమంటే...

క + 1/క = 3 అయితే క² + 1/క² ఎంత? బడిలో అందరం చేసిన లెక్కే. రెండు వైపులా వర్గం చేసి, 2 తీసేసి, 7 అంటాం. అదే సమాసాన్ని కంప్యూటర్‌కిచ్చి ‘క + 1/క ఉన్నచోట చ పెట్టు’ అంటే చాలాసార్లు ఇచ్చింది ఇచ్చినట్టే తిరిగొస్తుంది.

అపోహ: ప్రతిక్షేపించమంటే కంప్యూటర్ గణితం చేస్తుంది.

వాస్తవం: చాలావరకు వెతుకుతుంది, అంతే. సమాసాన్ని అది కొమ్మలున్న చెట్టులా దాచుకుంటుంది. సాధారణంగా మనమడిగిన కొమ్మ కనిపిస్తేనే మారుస్తుంది. మ్యాథమెటికా అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో 1/క² అంటే ‘క, ఘాతం −2’. అందులో ‘క, ఘాతం 2’ అనే కొమ్మే లేదు, కాబట్టి క² బదులు చ పెట్టమన్నా కదలదు. సంకీర్ణ సంఖ్య 3 + 2ఐ (ఐ అంటే √−1) కూడా అక్కడ విడదీయని ఒకే ముద్ద. ఐ స్థానంలో −ఐ పెట్టి సంయుగ్మం తెద్దామనుకున్నవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. మేపుల్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో క + చ + ట ఒకే మొదలుకు మూడు కొమ్మలు. క + చ విడిగా కొమ్మ కాదు గనుక ‘సబ్స్’ అనే ఆదేశం దాన్ని ముట్టుకోదు, ‘ఆల్జ్‌సబ్స్’ మారుస్తుంది. సింపై అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ‘సబ్స్’ క⁴ను చ² చేస్తుంది, ‘ఎక్స్‌రీప్లేస్’ క⁴ జోలికే పోదు.

అపోహ: క² = చ అన్నాక క³ను చ√చ అని మార్చకపోవడం లోపం.

వాస్తవం: క = −2 తీసుకోండి. క³ = −8, చ√చ = 8. క ధనాత్మకమని మనం చెప్పనంతవరకు సింపై క³ను అలాగే ఉంచుతుంది. అది లోపం కాదు, నిజాయితీ.

అపోహ: మార్పులన్నీ ఒకేసారి జరుగుతాయి.

వాస్తవం: సింపైకి జాబితా ఇస్తే వరుసగా జరుగుతాయి. క + 2చలో క, చలను తారుమారు చేయబోతే ముందు 3చ, తర్వాత 3క అవుతుంది. ఏకకాలంలో చేయమని విడిగా చెప్పాలి.

అపోహ: బడి లెక్క కంప్యూటర్ వల్ల కాదు.

వాస్తవం: అవుతుంది, అడిగే పద్ధతి వేరు. 1/కను ద అందాం. క + ద = చ, కద = 1. ఈ సంబంధాలతో క² + ద²ను కుదిస్తే చ² − 2 వస్తుంది. దీనికి దారి వేసినవాడు గణితవేత్త బ్రూనో బుక్‌బెర్గర్. 1965లో ఇన్స్‌బ్రుక్‌లో సమర్పించిన పరిశోధన వ్యాసంలో ఆ పద్ధతిని చూపి, తర్వాత దానికి తన గురువు గ్రోబ్నర్ పేరే పెట్టాడు. చలరాశులు పెరిగేకొద్దీ ఆ లెక్క విపరీతంగా బరువెక్కుతుంది. చిన్న పనులకు అంత అక్కర్లేదు. క + చను త చేయాలంటే క స్థానంలో త − చ పెట్టి విస్తరించండి. క + చ + ట వెంటనే త + ట అవుతుంది.