కంచె స్తంభమును ఎంతలోతు పాతవలెను?

దివిసీమ ముంగిట నున్న చల్లపల్లి ప్రాంతమున, వరి కోతలైన మాగాణిలో మినుము పైరును కూడ ఎత్తివేసిన పిమ్మట, రేగడి నేల వేసవి యెండలకు నెర్రెలు వారి, గునపము వేసినచో ఖంగున మ్రోగును. ఆ నేలయే కాలువలకు నీరు వదలిన కొలదిదినములకు మెత్తని అడుసై, గట్టున పాతిన స్తంభమును అలవోకగా ఒరగనిచ్చును. నేల ఇట్లు ఋతువున కొక స్వభావము దాల్చుచుండగా, స్తంభమును ఎంతలోతు దింపవలెనను ప్రశ్నకు ఒకే అంకెతో సమాధానము చెప్పుట సాహసమే.

పూర్వము ఈ ప్రశ్న యింతగా బాధించినది కాదు. తాటాకు దడికిని, తుమ్మకంపకును గుంజ యొక ఆనిక మాత్రమే. దానిని లాగునది ఏదియు లేదు. లాగుడును తెచ్చినది ముళ్ళతీగ. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రమున డికాల్బ్ అను ఊరి రైతు జోసెఫ్ గ్లిడెన్, 1873లో నొక ప్రదర్శనలో ముళ్ళు దిగగొట్టిన కొయ్యపట్టీని చూచి, ముల్లును ఒక తీగకు చుట్టి, రెండవ తీగను దానితో పెనవేసి, ముల్లు జరిగిపోని ఉపాయము కనిపెట్టెను. 1874 నవంబరు 24న ఆయనకు పేటెంటు లభించెను. అంతకుముందే ముళ్ళతీగ చేసినవా రనేకులుండుటచే వ్యాజ్యములు చాలకాలము సాగి, 1892లో గాని ఆ దేశపు సుప్రీంకోర్టు గ్లిడెన్ పక్షమున తీర్పు చెప్పలేదు. న్యాయమూర్తులు తీగ సంగతి తేల్చిరి. గోతి సంగతి రైతుకే వదలిరి.

తీగను బిగించి కట్టినపుడు నడిమి స్తంభమును ఇరువైపుల నుండియు సమానముగా లాగుటచే ఆ బలములు పరస్పరము చెల్లిపోవును. మూలస్తంభమునకును, గేటు స్తంభమునకును ఆ యదృష్టము లేదు. అందు తీగలన్నిటి లాగుడును ఒక్క దిక్కునకే పనిచేయగా, స్తంభము భూగర్భమున నొక బిందువు చుట్టు తిరుగ యత్నించి, పైభాగమున ముందరి మట్టిని, అడుగున వెనుకటి మట్టిని నొక్కును. అట్లు నొక్కబడిన మట్టి ఎంతవరకు ఓర్చునో 1857లో రాంకిన్ అను ఇంజనీరు గణితమున నిరూపించెను; స్తంభములకు పనికివచ్చునట్లు ఆ లెక్కను 1964లో స్వీడను దేశపు ఇంజనీరు బెంట్ బ్రామ్స్ సులభము చేసెను. ఇసుకనేలలో లోతుకొలది మట్టి బిగువు పెరుగుటచే, స్తంభమును నిలబెట్టు శక్తి దాదాపు లోతు ఘనమును అనుసరించును. భూమికి అయిదడుగుల ఎత్తున లాగుడున్న స్తంభమును రెండడుగులకు మారుగా మూడడుగులు పాతినచో, అది ఇంచుమించు మూడు రెట్ల లాగుడు నోర్చును. ఒక్క అడుగు అదనపు త్రవ్వకమున కింత ప్రతిఫలము! కాని లంకభూములలో వరదనీరు ఇసుకను ముంచినపుడు ఈ బలములో సుమారు సగము హరించిపోవును. బంకమట్టిలో వృద్ధి ఇంత వేగము గాదు. అది లోతు వర్గమును అనుసరించును. పైగా బ్రామ్స్ బంకమట్టి పైపొరను లెక్కలోనికే తీసికొనలేదు. మన వేసవి నెర్రెలు చూచినవారు అది సబబే యందురు.

మొత్తము పొడవులో మూడవవంతు భూమిలో నుండవలెనను వాడుక సూత్రము నడిమి స్తంభములకు చాలును; రేగడిలో మూలస్తంభమునకు చాలదని నా అభిప్రాయము. శీతలదేశములలో మంచు గడ్డకట్టు లోతునకు దిగువగా పాతుమందురు. మనకు ఆ మంచు లేదు గాని, దానికి దీటుగా రేగడి ఉబ్బు కలదు. తడిసి ఉబ్బిన మట్టి స్తంభమును పట్టుకొని పైకెత్తును. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు ఇండ్ల పునాదులకై, నల్లరేగడిలో సుమారు మూడున్నర మీటర్ల లోతునకు దిగి, అడుగున కాండమునకు రెండున్నర రెట్ల వెడల్పు గడ్డ కలిగిన స్తంభములను రూపొందించిరి. కంచెకు అంత శ్రమ అనవసరము. కాని గోతిని నోటివద్ద వెడల్పుగా త్రవ్వి కాంక్రీటు నింపు నేటి యలవాటు, ఉబ్బు మట్టికి పట్టు నందించుటయే యగును.

కావున చల్లపల్లి రైతు సోదరులు గోతిని అడుగున వెడల్పుచేసి, మూలస్తంభములకు మూడడుగులకు తక్కువ గాకుండ త్రవ్వి, మట్టిని పొరపొరగా దిమ్మిసతో గట్టిపరచి, తీగ లాగు దిక్కున ఏటవాలుగా ఊత నిలిపిన తరువాతనే తీగ బిగింపవలెను.