గాజు తొట్టెలో నీటినాచు పెంపకము

నాచు అనగానే మనకు చెరువు రేవులో కాలు జారు మెట్లు, వానకాలమున పచ్చబడిన బావి ఒర జ్ఞప్తికి వచ్చును. రైతు నాచును గీకి పారవేయునే గాని పెంచడు. అయితే ఇంటియందు గాజు తొట్టెలలో రంగుచేపలను పెంచువారు ఒక జాతి నీటినాచును వెల యిచ్చి కొని, జాగ్రత్తగా పెంచుకొనుచున్నారు. అది కంటికి ఇంపుగా నుండుటయే గాక, గ్రుడ్లను, చేపపిల్లలను కాపాడుటకు మిక్కిలి ఉపయోగపడును. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో పెరటిలో రంగుచేపలు పెంచదలచిన రైతు కుటుంబములు ఈ నాచును స్వల్ప ఖర్చుతో పెంచుకొనవచ్చును. కాని మన వేసవి దీనికి గడ్డుకాలము. ఏడాది పొడవునా పెరిగిన నాచు మే మాసములో కొద్ది దినముల అశ్రద్ధచే కుళ్లిపోవచ్చును. కావున దీని స్వభావమును ముందుగా తెలిసికొని పిమ్మట పనిలో దిగుట మంచిది.

నాచు వేరు, పాచి వేరు

వాడుకలో మనము రెంటిని ఒకే పేరుతో పిలుతుము గాని, నాచు వేరు, పాచి వేరు. పాచికి ఆకు లేదు, కాండము లేదు. జిగురు పొరగనో, ఆకుపచ్చ దారపు పోగులుగనో వ్యాపించును. నాచునకు సన్నని కాడ, దానికి ఇరువైపుల మిక్కిలి చిన్న ఆకులు ఉండును. వ్రేళ్ల మధ్య నలిపి చూచిన పాచి జారిపోవును. నాచు తుంపులుగా నిలుచును.

నాచునకు నిజమైన వేరు లేదు. క్రింద కనబడు సన్నని నూలు వంటి పోగులు రాతిని పట్టుకొనుటకే గాని, ఆహారము పీల్చుటకు కావు. వరి మొక్క వేరుతో నేలనుండి తీసికొను పోషకములను నాచు తన ఆకులన్నిటితో నేరుగా నీటినుండి తీసికొనును. దానికి నీరే నేల. ఈ యొక్క మాట జ్ఞాపకముంచుకొనిన, క్రింద చెప్పబోవు జాగ్రత్తలన్నియు సులభముగా బోధపడును.

ఏ జాతిని పెంచవలెను?

మొదట పెంచువారికి జావా నాచు అనునది అనుకూలము. ఇది ఆగ్నేయాసియా దేశములకు చెందినది. చాలకాలము దీనిని వెసిక్యులేరియా డుబ్యానా అని పిలిచెడివారు. తొట్టెలలో పెరుగునది టాక్సిఫిల్లమ్ బార్బియరీ అని తరువాత గుర్తించబడినది. తక్కువ వెలుతురులోను, పలువిధములైన నీటిలోను ఇది పెరుగును.

గోడలమీద, బావి ఒరలమీద వానకాలమున మొలచు నాచును తెచ్చి నీట ముంచరాదు. గాలిలో పెరిగిన ఆ జాతులు చాలవరకు నీట మునిగిన కుళ్లి, నీటిని పాడుచేయును. సీతంపేట, సాలూరు కొండలలోని గెడ్డల రాళ్లపై నుండు నాచును గీకి తెచ్చుటయు తగదు. అది పెరుగుటకు చాలకాలము పట్టును. గెడ్డలోని చిన్న పురుగులకు, చేపపిల్లలకు అదియే నీడ.

తొట్టె, నీరు

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల గాజు తొట్టె ప్రారంభమునకు చాలును. ఇందులో సుమారు 56 లీటర్ల నీరు పట్టును. నీటి బరువే 56 కిలోలు కావున, ఎగుడుదిగుడు లేని గట్టి బల్లపై దీనిని ఉంచవలెను. అమ్మకమునకు గాక విత్తనపు నాచును నిలువ చేయుటకే అయినచో సిమెంటు తొట్టెయైనను, వెడల్పాటి ప్లాస్టిక్కు తొట్టెయైనను సరిపోవును. క్రొత్త సిమెంటు తొట్టెను నీటితో నింపి, పలుమార్లు నీరు మార్చి, సున్నపు ఘాటు పోయిన తరువాతనే వాడవలెను.

ఉప్పదనము లేని బావి నీరు మంచిది. సముద్రతీర గ్రామములలో బావి నీరు ఉప్పగా నున్నచో, తొలి వానలు వెళ్లిన పిమ్మట శుభ్రమైన పెంకుటింటి చూరు నీటిని పట్టి నిలువ చేసికొనవచ్చును. కుళాయి నీటిలో క్లోరిను కలిసియుండును. వెడల్పు పాత్రలో ఒక దినము ఆరుబయట ఉంచిన అది చాలవరకు పోవును. సముద్రపు ఇసుక, గవ్వలు తొట్టెలో వేయరాదు. నాగావళి, వంశధార వంటి నదుల గులకరాళ్లను కడిగి వాడవచ్చును. రాతిమీద నిమ్మరసము పిండగా నురుగు లేచినచో అందులో సున్నమున్నదని తెలిసికొని విడిచివేయవలెను.

వారమునకొకసారి నాలుగవ వంతు నీటిని తీసి, అంతే వేడిగల క్రొత్త నీటిని పోయవలెను. తీసిన నీటిని అరటికి, కొబ్బరికి పోసిన మేలు చేయును.

కొందరు పొలమునకు వేసినట్లే తొట్టెలో పిడికెడు యూరియా వేయుదురు. ఇది పెద్ద పొరపాటు. నాచునకు కావలసిన నత్రజని చేపల విసర్జనము నుండియే దొరకును. యూరియా వేసినచో నీటిలో అమ్మోనియా పెరిగి చేపలు చచ్చును. పాచి విజృంభించి నాచును కప్పివేయును.

వెలుతురు

తొట్టెపై నేరుగా ఎండ పడరాదు. ఎండ పడిన తొట్టెలో ముందు పెరుగునది పాచియే. ఉత్తరపు కిటికీ వెలుతురైనను, ఎనిమిది లేక పది వాట్ల ఎల్.ఇ.డి. దీపమును దినమునకు ఆరు నుండి ఎనిమిది గంటలు వెలిగించినను చాలును. దీపమును ప్రతిదినము ఒకే వేళకు వెలిగించి, ఒకే వేళకు ఆర్పుట మంచిది.

నాటు విధానము

1. తెచ్చిన నాచును తెల్లని పళ్లెములో నీట పరచి, పాచి పోగులను, నత్తలను, నీటిమీద తేలు చిన్న ఆకుల మొక్కలను ఏరివేయవలెను.

2. దానిని వారము దినములు వేరొక బిందెలో నుంచి, మరల ఒకసారి పరీక్షింపవలెను.

3. నాచు అంటుకొనుటకు మన ఉద్దానపు కొబ్బరి చిప్పకంటె చవకైన ఆధారము లేదు. కొబ్బరిని, పీచును పూర్తిగా గీకి, చిప్పను ఉడికించి, నీటికి రంగు దిగుట తగ్గువరకు కొన్ని దినములు నానవేయవలెను. కొబ్బరి ఏమాత్రము మిగిలినను కుళ్లి దుర్గంధము పుట్టును.

4. చిప్పమీద నాచును పలుచగా, అడుగున చిప్ప కొద్దిగా కనబడునట్లు పరచి, నూలు దారముతో చుట్టవలెను. దట్టముగా కట్టిన అడుగుపొరకు వెలుతురు, నీరు అందక గోధుమరంగునకు తిరిగి కుళ్లును. నాచు పట్టుకొనిన తరువాత నూలు దారము దానంతటదే చివికిపోవును. దానిని తీయ నవసరము లేదు.

మొదటి మూడు, నాలుగు వారములు పెరుగుదల కనబడదు. నిరాశపడి మాటిమాటికి తీసి చూడరాదు. కొనలయందు లేత ఆకుపచ్చ చిగుళ్లు కనబడినచో నాచు కుదురుకొనినదని తెలియవలెను.

చేపపిల్లలకు నీడ

జీబ్రా చేప తన గ్రుడ్లను చెల్లాచెదరుగా విడిచి, తానే తినివేయును. వెడల్పాటి తొట్టెలో ఆరంగుళముల నీరు పోసి, అడుగున నాచును దట్టముగా పరచి, సాయంకాలము ఆడ, మగ చేపలను వదలినచో, సాధారణముగా మరునాటి వేకువను గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లు నాచు సందులలోనికి జారి దాగును. వెంటనే పెద్ద చేపలను తీసివేయవలెను. రెండు, మూడు దినములలో పిల్లలు బయటపడును. నాచును అంటియుండు సూక్ష్మజీవులు వానికి తొలి ఆహారములో కొంత భాగమగును. గప్పీ, మోలీ వంటి పిల్లలను కను జాతులకును ఈ నాచు మంచి దాగుచోటు. గోల్డు ఫిష్ వంటి పెద్ద చేపలు నాచును పీకి చిందరవందర చేయును; వానిని ఇందులో వదలరాదు.

వేసవి జాగ్రత్తలు

20 నుండి 26 డిగ్రీల సెంటిగ్రేడు వరకు నీరున్నచో నాచు చక్కగా పెరుగును. 30 డిగ్రీలు దాటి నిలిచినచో పెరుగుదల ఆగి, రంగు మారును. ఏప్రిల్, మే మాసములలో ఈ క్రింది పనులు తప్పక చేయవలెను.

తొట్టెను ఇంటిలో చల్లని గదికి, వీలైనచో నేలకు దగ్గరగా మార్చవలెను. దీపము వెలుగు కాలమును ఐదు గంటలకు తగ్గింపవలెను. మూత తీసి వలగుడ్డ కప్పి, నీటి పైభాగమునకు తగులునట్లు చిన్న పంకా గాలి పెట్టిన, నీరు ఆవిరియగుచు రెండు, మూడు డిగ్రీలు చల్లబడును. కుండలో నీరు చల్లబడు విధము ఇదియే. తగ్గిన నీటిని ప్రతిదినము పోయుచుండవలెను. సిమెంటు తొట్టెలకు చుట్టును తడి గోనెపట్టా కట్టవలెను. మంచుగడ్డలు వేసి నీటిని ఒక్కసారిగా చల్లార్చరాదు, చేపలకు అపాయము.

విత్తనపు వడ్లను దాచినట్లే కొంత నాచును వేరుగా దాచవలెను. మూతగల డబ్బాలో తడిపిన కొబ్బరిపీచుపై నాచును పలుచగా పరచి నీడన ఉంచిన, నీట ముంచకయే పచ్చగా నిలుచును. తొట్టెలోనిది పోయినను దీనినుండి మరల ప్రారంభించవచ్చును.

పాచి పట్టినచో

దారపు పాచిని కట్టెపుల్లకు చుట్టి మెల్లగా లాగివేయవలెను. చేపలకు మేత తగ్గించి, మూడు దినములు దీపము ఆర్పి తొట్టెను గుడ్డతో కప్పిన పాచి బలము తగ్గును. మైలుతుత్తము వేయరాదు. అది పాచితో బాటు నాచును, చేపలను కూడ చంపును.

కోత, అమ్మకము

నాచు రెండంగుళముల మందము పెరిగిన తరువాత కత్తెరతో పైభాగమును మూడవ వంతు కోయవచ్చును. కోసిన ప్రతి తుంపు క్రొత్త మొక్కయే. కోయునపుడు గాలిమర, వడపోతలను ఆపి తుంపులను వలతో తీయనిచో, అవి వడపోతలో చిక్కి కుళ్లును.

అమ్మకమునకు పెంచదలచువారు ముందుగా దగ్గరి పట్టణములలోని రంగుచేపల దుకాణదారులను విచారించి, ఎంత కొందురో తెలిసికొనిన పిమ్మటనే తొట్టెల సంఖ్యను పెంచవలెను. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఇంటిపెరటి అలంకార చేపల యూనిట్లకు కూడ సహాయము చేర్చబడినది. ప్రస్తుతము అమలులోనున్న సహాయ పథకములను గూర్చి మత్స్యశాఖ కార్యాలయమున విచారింపవలెను.

చెరువులోనికి వదలరాదు

తొట్టెలో మిగిలిన మొక్కను గాని, చేపను గాని, చెరువు, బంద, గెడ్డ, కాలువలలో ఎన్నడును పారవేయరాదు. నేడు కాలువలను పూడ్చి, చేపల చెరువులను కప్పుచున్న గుర్రపుడెక్క పందొమ్మిదవ శతాబ్దము చివర దాని ఊదారంగు పూల అందమునకై మన దేశమునకు తేబడినదే. గాజు తుడుచునని తొట్టెలలో పెంచిన సక్కరు చేప కూడ నేడు రాష్ట్రములోని పలు నీటివనరులలో వ్యాపించి జాలరుల వలలను చింపుచున్నది. ఒక్కరు దయతలచి వదలిన ప్రాణి ఊరందరి చెరువునకు చేటు తెచ్చును. మిగిలిన నాచును ఎండలో పూర్తిగా ఎండబెట్టి ఎరువు గోతిలో వేయవలెను. తొట్టె నీటిని కాలువలో గాక చెట్టు పాదులోనే పోయవలెను.

నాచునకు వేరు లేదు. నీటితోనే దాని బ్రతుకు. నీరు చల్లగా, శుభ్రముగా నుంచినవానికి అది వేరే సేవ కోరదు. ఇంటి తొట్టె నీటిని కాపాడుట ఎంత అవసరమో, మన పొలములను తడుపు చెరువు నీటిని కాపాడుట అంతకంటె అవసరమని రైతు సోదరులు గుర్తింతురు గాక.