గుంటల లెక్కన అమ్ముదామా, లేఅవుట్ చేద్దామా? మా నాలుగున్నర ఎకరాల ముచ్చట

ఎప్పుడూ జీవామృతం, ఘనజీవామృతం గురించి చెప్పేటోడు ఇయ్యాల ప్లాట్ల ముచ్చట తీసిండేందని అనుకోవచ్చు. వీడియో మొదట్ల చెలకల జేసీబీ కనబడుతుంది చూడండి. ఆ చెలక మాదే. ఆరేండ్లు జీవామృతం పారిచ్చిన నేల. మనసు ఒప్పుకోక కొన్ని దినాలు ఈ వీడియో పెట్టనే లేదు.

సంగతి ఏమిటంటే, కరీంనగర్–జగిత్యాల రోడ్డు పక్కన మా బాపుకు, పెద్దబాపు కొడుకుకు ఉమ్మడిగా నాలుగున్నర ఎకరాలు ఉంది. అన్న పదకొండేండ్లు దుబాయ్‌ల ఉండి అప్పుతోనే తిరిగొచ్చిండు. "తమ్మీ, నీ వానపాములు నా మిత్తి కడుతయా?" అన్నడు. దానికి నా దగ్గర జవాబు లేదు. భూమి పంచి ఆయన వాటా ఆయనకిస్తే రోడ్డు ముఖం అంతా ఒక్కరికే పోతది. అందుకే కలిసే అమ్మాలని ఇంట్ల తేలింది.

అప్పుడే ఒక మధ్యవర్తి వచ్చిండు. "పర్మిషన్ల లొల్లి ఎందుకు? ఫామ్ ప్లాట్లు అని పేరు పెట్టి గుంటల లెక్కన కొడదాం, మట్టి రోడ్డు వేస్తే చాలు, ఆరు నెలల్ల పైసలు చేతుల పడుతయి" అన్నడు. లెక్క చూస్తే ఆశ పుట్టేదే. గుంటకు 121 గజాలు, ఎకరానికి 4,840. మా భూమి మొత్తం 21,780 గజాలు. ఆయన చెప్పినట్టు చేస్తే సన్న బాట తప్ప అంతా అమ్మకానికే. అదే లేఅవుట్ అయితే 10 శాతం ఖాళీ జాగ పంచాయతీకి రాసియ్యాలె, అంటే 2,178 గజాలు. రోడ్లకు ఇంకో 30 శాతం దాకా పోతది. చివరికి అమ్మడానికి మిగిలేది 13 వేల గజాలు.

నన్ను ఆపింది మా చిన్నబాపు ప్లాటు. ఆయన 2017ల పర్మిషన్ లేని వెంచర్‌ల 200 గజాలు కొన్నడు. రిజిస్ట్రేషన్ అయింది, కాగితం చేతికొచ్చింది, సంబురపడ్డడు. ఇల్లు కడదామని బ్యాంకుకు పోతే లోన్ రాదన్నరు. 2020 ఆగస్టు 26 లోపు రిజిస్టర్ అయిన ఇసొంటి ప్లాట్ల కోసం ఎల్‌ఆర్‌ఎస్ పెట్టినప్పుడు వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు చేసిండు. రాష్ట్రమంతా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చినయి, అందులో ఆయనదొకటి. 2025ల 25 శాతం రాయితీ ఇచ్చినప్పుడు ఫీజు కట్టిండు. ఎనిమిదేండ్లు ఆ జాగల తుమ్మలే పెరిగినయి. ఇప్పుడు గుంటల లెక్కన కొనేటోనికి ఆ దారి కూడా లేదు. రేపు మా దగ్గర కొన్నోడు వచ్చి మా ఇంటి ముందట నిలబడితే ఏం చెప్పాలె?

సరే, పద్ధతి ప్రకారం పోదామని అన్నను ఒప్పించిన. మొదటి మెట్టు నాలా, అంటే వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చుడు. భూమి విలువ మీద శాతం లెక్కన ఫీజు కట్టాలె. అది అయినంక ఆ సర్వే నంబరుకు రైతు భరోసా ఆగిపోతది, ఇంట్ల ముందే చెప్పి పెట్టుకోండి. తర్వాత లేఅవుట్ దరఖాస్తు. మా ఊరు శాతవాహన పట్టణాభివృద్ధి సంస్థ, అంటే సుడా పరిధిల ఉంది. అటువంటి సంస్థ లేని ఊర్లకు డీటీసీపీ సాంకేతిక అనుమతి కావాలె. పంచాయతీ ఒక్కటే ఇచ్చిన లేఅవుట్ కాగితం చూసి మోసపోవద్దు. మేం తిరిగినప్పుడు ఊర్ల సర్పంచ్ కూడా లేడు, 2024 ఫిబ్రవరి నుంచి అప్పటిదాకా ప్రత్యేక అధికారుల పాలనే ఉండె. ఒక్క సంతకం కోసం ఒక ఆఫీసుకు నేను పోయిన సార్లు లెక్కపెట్టుడు మానేసిన. అది వదిలేద్దాం.

అసలు కథ ఒర్రె దగ్గర మొదలైంది.

ప్లాన్ గీసినాయన తెచ్చిన మొదటి డ్రాయింగ్‌ల అంతా సాఫుగా ఉంది. పాత గ్రామ నక్ష పక్కన పెట్టి చూస్తే మా తూర్పు గెట్టు పొంటి ఒక సన్న గీత కనబడింది. బాపును అడిగిన. చాలాసేపు మాట్లాడలేదు. "మీ తాత దున్నిండు. ఏండ్లయింది" అన్నడు. అంటే కింది కుంటకు పోయే ఒర్రెను మేమే పూడ్చి పంట తీసుకున్నం. ఇన్నేండ్లు వానాకాలం కింది రైతుల మడికట్లు ఎందుకు తెగుతున్నయో అప్పుడు తెలిసింది. నీళ్లకు పాత తొవ్వ లేక వాళ్ల మీద పడుతున్నయి. వానపాముల గురించి ఊరంతా చెప్పుకుంట తిరిగిన నేను నా గెట్టు పొంటి ఏం జరుగుతుందో చూడలేదు.

ప్లాన్ గీసినాయన, "నేల మీద లేదు కదా, చూపెట్టకున్నా నడుస్తది" అన్నడు. అన్న కూడా ఆ మాటకే మొగ్గిండు. 2012ల వచ్చిన జీవో 168 ప్రకారం పది మీటర్ల లోపు వెడల్పున్న ఒర్రె, నాలా అంచు నుంచి రెండు మీటర్లు వదలాలె. అంతకంటే పెద్ద వాగైతే తొమ్మిది మీటర్లు. పది హెక్టార్ల లోపు కుంటకు తొమ్మిది, దాని మీది చెరువుకు ముప్పై మీటర్లు. మాది సన్న ఒర్రెనే. అయినా ఒర్రె వెడల్పు, పక్క బఫర్, దాని కోసం రోడ్డు జరుపుడు అన్నీ కలిపితే ఆరు ప్లాట్లు పోతున్నయి. అన్న నాతోని పదిహేను రోజులు మాట్లాడలేదు.

పంచాయతీ కాడ కూసున్న దినం కింది రైతులు వచ్చిండ్రు. అందరి ముందట బాపే లేచి, "ఒర్రె మళ్లీ తీస్తం" అన్నడు. నేను అనాల్సిన మాట. ఆ తర్వాత ఊర్ల ఎవరూ అడ్డు చెప్పలేదు. రెవెన్యూ, నీటిపారుదల వాళ్లు వచ్చి చూసినప్పుడు కూడా నక్షల ఉన్నది నేల మీద ఉండేసరికి పని సాగింది.

ఇప్పుడు మాకు తాత్కాలిక అనుమతి వచ్చింది. రోడ్లు, మోరీలు, కరెంటు స్తంభాలు, చెట్లు మా ఖర్చుతోనే కావాలె. అవి పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లు తనఖాల ఉంటయి. మధ్యలో అన్న ఇద్దరి దగ్గర అడ్వాన్స్ తీసుకుంట అన్నడు. ఆపిన. 500 చదరపు మీటర్లు గానీ ఎనిమిది ప్లాట్లు గానీ దాటితే రెరాల రిజిస్టర్ కాకుండా అమ్మకానికి పెట్టొద్దు, ప్రకటన కూడా ఇయ్యొద్దు.

ఉట్నూరు దిక్కున్న మా బామ్మర్ది ఇదంతా చూసి, "మా దగ్గర కూడా చేద్దామా బావా?" అన్నడు. వద్దన్న. ఆదిలాబాద్ ఏజెన్సీల 1/70 చట్టం ఉంది. అక్కడి భూమి గిరిజనేతరులకు అమ్మితే చెల్లదు, అమ్మేటోడు గిరిజనేతరుడైనా సరే. ఏ లేఅవుట్ కాగితమూ దాన్ని దాటలేదు. అక్కడ ప్లాట్లు అని ఎవరన్నా చూపెడితే బండి తిప్పుకొని రండి.

ఇక జేసీబీ సంగతి. రోడ్లు పడే జాగల పైన అర ఫీటు మట్టి ముందుగాల తీయించిన. ఆ మట్టి మీదికెల్లి కంకర పోసుడు నాతోని కాలేదు. ట్రాక్టర్ ట్రాలీతో దాదాపు 280 ట్రిప్పులు అయింది. అంతా మా పక్క చెలకల, గుట్ట దిక్కు రాళ్లు తేలిన రెండెకరాల్ల పరిచినం. డీజిల్ ఖర్చు చూసి అన్న నవ్విండు. ఆ మట్టిల కంది వేసిన, ఎట్ల వస్తదో వచ్చే వీడియోల చూపిస్త.

పంచాయతీకి ఇచ్చే 10 శాతం జాగను ఒర్రె పక్కకే పెట్టించినం. కానుగ, వేప, నేరేడు నాటినం. వీడియో చివర్ల కనబడేది మొన్నటి వాన. బురద నీళ్లు ఒర్రె పొంటి కుంట దిక్కు పోతున్నయి. గొడుగు పట్టుకొని నిలబడ్డది బాపు. వెనుక గొంతు అన్నది, ఆరు ప్లాట్ల లెక్క ఇంకా చెప్తనే ఉన్నడు.