పాత బొమ్మరైలుకు చెవియు, గొంతుకయు

నేడు నేను మనవి చేయబోవునది ఒక బొమ్మరైలింజనును గురించి. తలపండిన పెద్దల యెదుట బొమ్మల మాట తెచ్చుట తగునా యని మీలో కొందరు తలపవచ్చును. ఇంగ్లండు, జర్మనీ, అమెరికా దేశములలో ఇది పిల్లల యాటగా మొదలై, పెద్దల వ్యాసంగముగా స్థిరపడినది. నేనా వ్యాసంగమున దిగుటకు కారణము మా యన్నగారు.

ఆయన 1958లో ఉద్యోగమునకై ఇంగ్లండు చేరి, తొలి జీతములో మిగిలిన సొమ్ముతో ట్రయాంగ్ వారి ‘ప్రిన్సెస్ ఎలిజబెత్’ అను బొమ్మయింజనును కొనెను. అసలు ఇంజను 1933లో క్రూ పట్టణపు కర్మాగారమున తయారైనది. 1936 నవంబరు 16వ తేదీన లండను నుండి గ్లాస్గో వరకు గల 401 మైళ్లను నడుమ నెచ్చటను ఆగక, ఆరు గంటలకు లోపుగనే పరుగెత్తి పేరు గాంచినది. బొమ్మ దానిలో సుమారు 76వ వంతు. దాని పట్టాల నడుమ ఎడము 16.5 మిల్లీమీటర్లు మాత్రమే.

కొంతకాలమునకు నేనును ఆ దేశమే చేరితిని. మూడేండ్ల క్రిందట అన్నగారి చూపు పూర్తిగా పోయెను. ఒకనాడాయన ఆ యింజనును చేత తడిమి, “ఇది నడచినను నాకు తెలియదురా, కూసినయెడల తెలియును” అనెను. ఆ మాట పట్టుకొని నేను పనికి పూనుకొంటిని.

పాత పద్ధతిని ముందుగా చెప్పవలెను. రెండు పట్టాలకును విద్యుత్తు నిత్తురు. 12 వోల్టులకు లోబడి అది ఎంత హెచ్చిన ఇంజను అంత వేగముగా పోవును. ధన ఋణములను తారుమారు చేసినచో వెనుకకు నడచును. ఇంతవరకు సుఖమే. కాని కాలువకు నీరు వదలినచో దాని క్రింది పొలములన్నియు తడిసినట్లు, ఆ పట్టాలపై ఎన్ని ఇంజనులున్న అన్నియు ఒక్కసారిగా కదలును. ఒకదానిని నిలుపవలెనన్న, అది నిలిచిన పట్టాల తునకకు వేరుగా మీట పెట్టి విద్యుత్తును ఆపవలసినదే.

కొత్త పద్ధతి మన దండోరా వంటిది. తప్పెట వేసి ‘ఫలాని యింటివారు పన్ను కట్టవలెను’ అని చాటినప్పుడు ఊరెల్ల వినును. ఆ యింటివాడే కదలును. అట్లే పట్టాలలో విద్యుత్తు ఎల్లప్పుడును నిండుగా నుండును. ప్రతి యింజను కడుపులోను డీకోడరు అను చిన్న పలక యుండును. దానికొక సంఖ్య యుండును. పట్టాలలోని విద్యుత్తు క్షణక్షణమును తన దిక్కు మార్చుకొనుచుండును. సెకండును పదిలక్షల భాగములు చేసి, 58 భాగములకు దిక్కు మారిన అది ‘ఒకటి’ అనియు, 100 భాగములో అంతకు మించియో పట్టిన అది ‘సున్న’ అనియు డీకోడరు లెక్కించును. ఈ ఒకట్లు సున్నలతోనే ‘మూడవ సంఖ్య ఇంజను ఇంత వేగమున ముందుకు పోవలెను’ అను ఆజ్ఞ వ్రాయబడును. ఆజ్ఞ చివర సరిచూచుకొను సంఖ్య యొకటి యుండును. కరణము లెక్కలో మొత్తము కుదరనిచో చిట్టాను త్రోసిపుచ్చినట్లు, అది కుదరనియెడల డీకోడరు ఆ యాజ్ఞను పాటింపదు. జర్మనీలోని లెంజు సంస్థవారి పద్ధతిని ఆధారముగా గొని, అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషను వారు 1990 తరువాతి తొలి సంవత్సరములలో దీనికి ప్రమాణములను నిర్ణయించిరి. అందుచేత ఒకరి డీకోడరు మరియొకరి యంత్రముతో పనిచేయును.

ఇక పాత ఇంజనుతో వచ్చు చిక్కు. ఈ బొమ్మలో ఒక వైపు చక్రముల నుండి విద్యుత్తు లోహపు చట్రము నెక్కి, అచ్చట నుండి నేరుగా మోటారు బ్రష్షును చేరును. కొత్త పద్ధతిలో ఇది పనికిరాదు. పట్టాల నుండి వచ్చినదంతయు మొదట డీకోడరునకు పోవలెను. మోటారు దానిచేతి నుండియే పుచ్చుకొనవలెను. ఈ మోటారు బ్రష్షులను నొక్కిపట్టు తీగస్ప్రింగునకు రెండు చేతులు గలవు. ఒక చేతికి మాత్రమే తొడుగు గలదు. తొడుగు లేనిచేయి చట్రమును తాకును. దానికిని తొడుగు వేసినచో మోటారు వేరుపడును. పని ఇంతే; కాని చాల జాగ్రత్త వలయును.

ఆ జాగ్రత్త నాకు లేకపోయెను. తొడుగు వేసితిని కదా యని మీటరుతో చూడకయే తీగలకు టంకము పెట్టితిని. ఎరుపు, నలుపు తీగలు చక్రములకు. నారింజ, బూడిద రంగువి మోటారునకు. పట్టాలపై పెట్టినంతనే సన్నని పొగయు, కమురు వాసనయు వచ్చెను. తొడుగు చీలి, స్ప్రింగు చట్రమును అంటుకొని యుండెను. కొత్త డీకోడరు బూడిదపాలయ్యెను. “ఏమిరా వాసన?” అని అన్నగారు లోపలి గది నుండి అడిగిరి. “అన్నము మాడినది” అని అబద్ధమాడితిని. ఇట్టి పరీక్షకై తక్కువ విద్యుత్తు మాత్రమే పోవు వేరు పట్టాతునక యుండును. దానిపై మొదట పెట్టియుంటినేని డీకోడరు దక్కెడిది.

మరియొక సంగతి. ఏండ్లు గడచిన మోటారులలో అయస్కాంతము నీరసించి, విద్యుత్తును అమితముగా త్రాగును. చక్రములను వ్రేలితో కదలనీయక ఆపి, 12 వోల్టుల యొద్ద ఎన్ని ఆంపియర్లు లాగునో కొలిచి, అంతకు తాళగల డీకోడరునే కొనవలెను. నేను అయస్కాంతమును మార్చి, పాతదానిని దాచితిని. చట్రమును ఎచ్చటను కోయలేదు. అన్నగారి వస్తువు కోరినప్పుడు మునుపటివలె కావలెనని నా పట్టు. అట్టపెట్టెతో సహా చెక్కుచెదరక యున్న అపురూపపు ఇంజనులను అసలే ముట్టరాదని నా యభిప్రాయము.

ధ్వని మాట చెప్పెదను. నిజమైన ఇంజనుల శబ్దములను పట్టి డీకోడరులో భద్రపరచి యుందురు. స్పీకరును ఇంజను వెనుకనుండు బొగ్గుపెట్టెలో అమర్చితిని. మొదట కూత దోమరొదవలె నుండెను. స్పీకరు వెనుకనుండి వెలువడు శబ్దము ముందటిదానిని చంపుటయే కారణము. చుట్టును చిన్న పెట్టె కట్టి సందులు మూయగానే కంఠము నిండెను. పట్టాలపై మురికి యున్న క్షణమాత్రము విద్యుత్తు తెగి, పాట నడుమ గొంతు పట్టినట్లు శబ్దము ఆగును. కాబట్టి కొద్దిసేపు విద్యుత్తును నిలువయుంచు కెపాసిటరును గూడ చేర్చితిని. చక్రము ఒక చుట్టు తిరుగులోపల నాలుగు మార్లు ‘ఛుక్కు’మనునట్లు కుదుర్చుటకు రెండు సాయంకాలములు పట్టెను.

అన్నగారిని కూర్చుండబెట్టి మీట త్రిప్పితిని. ఆవిరి బుసకొట్టెను, కూత పడెను, బండి కదలెను. ఆయన చెవి యొగ్గి రెండు చుట్లు విని, “బాగున్నది గాని, ఇంత తొందరగా బయలుదేరరాదు. వెనుక పండ్రెండు పెట్టెలున్నవనుకో” అనెను. డీకోడరులో సంఖ్యలు దాచు గదులు గలవు. వేగము ఎంత మెల్లగా పుంజుకొనవలెనో నిర్ణయించునది మూడవ గది. ఆ రాత్రియే అందులోని యంకెను పెంచితిని.