శిశువునకు తొలి పాఠశాల గృహమే

విద్య బడిలో ప్రారంభమగునని మనము తలచుచుందుము. కాని శిశువు బడిగడప త్రొక్కుటకు మునుపే పెక్కు పాఠములు నేర్చియుండును. తల్లి చూచినవైపు చూచుట, చందమామను వ్రేలితో చూపుట, పిలిచిన పలుకుట, దోబూచులాటలో తన వంతునకై కాచియుండుట, ఇవి యెవ్వరును కూర్చుండబెట్టి నేర్పినవి కావు. అయితే కొందరు శిశువులకు ఈ పాఠములు తమంత తామే యబ్బవు. అట్టివారిని గూర్చి తలిదండ్రులును, ఇంట తమ్ములును చెల్లెండ్రును గల విద్యార్థులును తెలిసికొనదగిన సంగతులు కొన్ని యిచ్చట వ్రాయుచున్నాను.

1943వ సంవత్సరమున అమెరికా దేశమునందలి బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లల చరిత్రలను ప్రకటించి, వారియందు కనబడిన యొక ప్రత్యేక స్థితిని వర్ణించెను. దానికే ఆటిజమని పేరు. తరువాత కొంతకాలము, తల్లిప్రేమ చాలకపోవుటచే నిది కలుగునని కొందరు పండితులే చెప్పి, నిరపరాధులైన తల్లులను దుఃఖపెట్టిరి. తానును అట్టి బాలునికి తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1964లో గ్రంథము వ్రాసి ఈ వాదమును ఖండించెను. 1977లో ఫోల్‌స్టీన్, రటర్ అనువారు కవలపిల్లలను పరిశీలించి, దీనియందు వంశక్రమము యొక్క ప్రభావము మిక్కుటమని చూపిరి. కావున తల్లినిగాని, దిష్టినిగాని, టీకాలనుగాని నిందించుట తగదు.

గమనింపవలసిన గుర్తులు కొన్ని కలవు. పేరుపెట్టి పిలిచినను తరచుగా తిరిగి చూడకుండుట, ఏడాదిన్నర నిండినను నచ్చిన వస్తువును వ్రేలితో మనకు చూపకుండుట, వచ్చిన మాటలు పోవుట, బొమ్మబండిని నడపక దాని చక్రమునే చిరకాలము త్రిప్పుచుండుట మొదలగునవి. ఒక్క గుర్తును చూచి నిర్ణయింపరాదు. వినికిడి లోపమువలనను శిశువు పలుకకపోవచ్చును గాన, చెవుల పరీక్ష తప్పక చేయింపవలెను. “మగపిల్లవానికి మాట ఆలస్యమే; వాని మేనమామకును నాలుగేండ్లకు గాని రాలేదు” అని పెద్దలు ప్రేమతోనే యోదార్తురు. ఆ యోదార్పులోనే విలువైన కాలము గడచిపోవును. వైద్యుని చూపుటయు, ఇంట నేర్పుటయు ఒక్కమారే ప్రారంభింపవలెను. ఆటిజము కాదని పిదప తేలినను, ఈ పాఠములవలన కీడేమియు లేదు.

ఎట్లు నేర్పవలెను? ఊయెలయనిన ప్రీతిగల రెండేండ్ల బాలుడొకడు గలడనుకొందము. తల్లి ఊయెలను రెండుమారు లూపి ఆపవలెను. వానికెదురుగ, వాని కన్నులకు సమముగ కూర్చుండి, మనసులో అయిదు లెక్కించునంతవఱకు ఊరకుండవలెను. వాడు చూపుతోనో, చేతితోనో, చిన్న ధ్వనితోనో అడిగినంతనే, “ఊపు” అని యొక్క మాట చెప్పి ఊపవలెను. అడిగిన దొరకునని వాడు నేర్చుకొనునది ఆ నిరీక్షణలోనే. అరటిపండును ఒక్కొక్క ముక్కగ నిచ్చునపుడును, స్నానమున చెంబుతో నీళ్లు పోయునపుడును ఇదే పద్ధతి. వాడు చక్రమును త్రిప్పుచుండిన, దానిని లాగికొనక, తల్లియు ప్రక్కన మరియొక చక్రమును త్రిప్పి “గిరగిర” యనవలెను. ఇట్లు కొలది నిమిషముల చొప్పున దినమునకు పలుమారులు చేయుట మేలు.

కన్నులలోనికి చూడుమని గడ్డము పట్టి త్రిప్పరాదు. పెద్ద చప్పుళ్లు, తల దువ్వుట, క్రొత్తబట్ట కొందరికి దుస్సహములు. అది మొండితనము కాదు. చేసైగలును బొమ్మపటములును వాడినచో మాట రాదను భయము వలదు. అవి మాటకు అడ్డురావని పరిశోధకులు చూపియున్నారు.

ఆటిజమును మందిచ్చి మాన్పెదమను ప్రకటనలను నమ్మరాదు. మన దేశమున 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము ఈ స్థితిని గుర్తించినది. సికింద్రాబాదున 1984లో మానసిక వికలాంగుల జాతీయసంస్థ యను పేర స్థాపింపబడిన సంస్థయందును, పెక్కు జిల్లాలలోని బాలల సత్వర చికిత్సా కేంద్రములందును తలిదండ్రులకు సలహా లభించును.

విద్యార్థులారా! మీ యింట అట్టి తమ్ముడో చెల్లెలో యున్నచో, అతిథులు వచ్చినపుడు లోపలి గదిలో దాచకుడు. మీ యాటలో వారికిని ఒక వంతు నియ్యుడు. ఆ వంతు వచ్చినపుడు తొందరపెట్టక కాచియుండుడు. మన మోపికతో కాచిన ఆ కొన్ని క్షణములలోనే వారి తొలి పిలుపు వినవచ్చును.