అత్యవసర వైద్యం – నిరీక్షణ

'ఆలస్యం అమృతం విషం' అన్నది లోకోక్తి. ఆసుపత్రి అత్యవసర విభాగంలో ఈ మాట అక్షరసత్యం. అక్కడ నిరీక్షణ కొందరికి విసుగు మాత్రమే, మరికొందరికి ప్రాణాంతకం.

చేనేతకు పేరుపొందిన చీరాల, 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోని ముఖ్య పట్టణాలలో ఒకటి. ఒకవైపు సముద్రతీరం, మరొకవైపు పంటపొలాలు, నడుమ రైలుమార్గం, జాతీయ రహదారి గల ఇటువంటి ప్రాంతంలో ఆపదలు అనేక రూపాలలో వస్తాయి. పాముకాటుకు గురైన కూలీ, మిరపతోటకు పురుగుమందు చల్లుతూ సొమ్మసిల్లిన రైతు, రోడ్డు ప్రమాదంలో గాయపడిన యువకుడు, గుండెనొప్పితో వచ్చిన వృద్ధుడు, జ్వరంతో ఏడుస్తున్న పసిబిడ్డ ఒకేసారి వస్తే వైద్యుడు ముందుగా ఎవరిని చూడాలి?

రేషను దుకాణంలో ముందు వచ్చినవారిదే ముందు వంతు. అత్యవసర విభాగంలో ఈ న్యాయం చెల్లదు. నెపోలియన్ సైన్యంలోని శస్త్రవైద్యుడు డొమినిక్ లారే, హోదాతో నిమిత్తం లేకుండా గాయం తీవ్రతను బట్టి సైనికులకు చికిత్స జరగాలని నిర్ణయించాడు. రోగులను ఈ విధంగా వర్గీకరించడాన్ని నేడు 'ట్రయాజ్' అంటారు. శ్వాస, నాడి, రక్తపోటు, స్పృహ పరీక్షించి ప్రాణాపాయంలో ఉన్నవారిని ముందుగా లోపలికి పంపుతారు. బిగ్గరగా ఏడ్చేవారి కంటె మౌనంగా పడి ఉన్నవారి స్థితియే విషమంగా ఉండవచ్చు. మెదడులో రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వచ్చినవారికి గడ్డను కరిగించే మందును సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. వారికి ప్రతి నిమిషమూ విలువైనదే.

అయితే రద్దీకి కారణం వచ్చేవారి సంఖ్య ఒక్కటే కాదు. చికిత్స పొందినవారిని చేర్చుకోవడానికి వార్డులో పడక లేకపోతే వారు అత్యవసర విభాగంలోనే ఉండిపోతారు. తూము మూసుకుపోయిన చెరువులో నీరు పెరిగినట్లు అక్కడ రోగుల సంఖ్య పెరుగుతుంది. ద్వారాన్ని వెడల్పు చేసినంత మాత్రాన ఈ చిక్కు తీరదు. పడకలు, నర్సులు, నిపుణులు పెరగాలి.

1992లో పశ్చిమ బెంగాల్‌లో ఒక వ్యవసాయ కార్మికుడు రైలు నుండి జారిపడి తలకు తీవ్రంగా గాయపడ్డాడు. పలు ప్రభుత్వ వైద్యశాలలు పడక లేదనో, సదుపాయం లేదనో అతనిని చేర్చుకోలేదు. చివరకు అతడు ప్రైవేటు వైద్యం పొందవలసి వచ్చింది. 1996లో సుప్రీంకోర్టు, సకాలంలో వైద్యం అందించకపోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుకు భంగమని తీర్పు చెప్పి, అతనికి 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. ఎక్కడ పడక ఖాళీగా ఉన్నదో తెలిపే సమాచార వ్యవస్థ ఉండాలని కూడా సూచించింది.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన 108 అంబులెన్సు సేవ ఆసుపత్రికి చేరే ఆలస్యాన్ని తగ్గించింది. చేరిన తరువాతి ఆలస్యాన్ని తగ్గించడం మిగిలి ఉన్నది.

తనకంటె ఆపన్నుడైన వానికోసం వంతు విడిచి వేచి ఉండటం పౌరుని సంస్కారం. పడక లేక ఎవరూ వేచి ఉండనవసరం లేకుండా చూడటం ప్రభుత్వ ధర్మం. ఈ రెండు నిరీక్షణల మధ్య భేదాన్ని గుర్తించిననాడే అత్యవసర వైద్యం అందరికీ అందుతుంది.