దెయ్యాల పండక్కి బెల్లం మంత్రం

కిందటేడు అక్టోబరులో మా అత్తగారు గుడివాడ నుంచి డల్లాస్ వచ్చారు. సాయంత్రం అలా నడవడానికి తీసుకెళ్తే, ప్రతి ఇంటి గుమ్మం దగ్గరా గుమ్మడికాయ చూసి, "వీళ్లకీ దిష్టి పట్టింపు ఉందన్నమాట!" అన్నారు. కాయలకు కళ్లూ ముక్కూ కోరలూ చెక్కి ఉండటంతో ఆవిడ నమ్మకం ఇంకా గట్టిపడింది. బూడిద గుమ్మడికాయ మీద మీసాల రాక్షసుణ్ని గీసి వేలాడదీసే ఊరి నుంచి వచ్చిన మనిషి మరి. ఆవిడ మాట పూర్తిగా తప్పు కూడా కాదు. ఐర్లాండులో ఒకప్పుడు అక్టోబరు 31 రాత్రి తిరిగే దుష్టశక్తుల్ని బెదరగొట్టడానికి టర్నిప్ దుంపల్ని తొలిచి మొహాలు చెక్కేవారు. అమెరికాకు వలస వచ్చాక వాళ్లకు అంతకన్నా పెద్దదీ, తొలవడానికి సులువైనదీ గుమ్మడికాయ దొరికింది.

మా కాలనీలో ఈ దెయ్యాల పండక్కి, అంటే హాలోవీన్‌కు, పిల్లల పార్టీ ఏటా ఒకరింట్లో జరుగుతుంది. ఆ ఏడు మా వంతు. అన్నీ ఇంట్లో చేసినవే పెట్టాలి, అన్నీ ఆరోగ్యానికి మంచివే అయ్యుండాలి అని వాట్సాప్ గ్రూపులో తల్లులందరం తీర్మానించుకున్నాం. తర్వాత పది రోజులూ సలహాలే సలహాలు. అందులో సగం తప్పులు. నేను ఏళ్ల తరబడి నమ్మినవి కూడా వాటిలో ఉన్నాయి.

అపోహ: పంచదార బదులు బెల్లమో తేనో వేస్తే ఎంత తిన్నా ఫరవాలేదు

గ్రూపులో అందరికన్నా గట్టిగా పాతుకుపోయిన నమ్మకం ఇదే. బెల్లంలో ఇనుము, పొటాషియం లాంటివి కాస్త ఉన్నమాట నిజమే. అయితే ఒక మఫిన్‌లో పడేంత బెల్లంతో పిల్లల ఒంటికి చేరేది లెక్కలోకి రానంత తక్కువ. మిగతాదంతా చక్కెరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తేనె, సిరప్‌లు, పండ్ల రసాల్లోని చక్కెరను పంచదారతో కలిపి ఒకే గాటన కట్టింది. రెండేళ్లు దాటిన పిల్లలకు రోజు మొత్తంలో విడిగా కలిపిన చక్కెర 25 గ్రాములు మించకూడదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెబుతుంది. అంటే ఆరు చెంచాలు. ఇక తేనె సంగతి. పంచదార చెంచాకు 4 గ్రాములైతే, తేనె చిక్కగా బరువుగా ఉంటుంది కాబట్టి చెంచాకు దాదాపు 6 గ్రాముల చక్కెర వస్తుంది. చెంచాకు చెంచా మార్చేస్తే తగ్గించినట్టు కాదు, పెంచినట్టు. పైగా ఏడాది నిండని పిల్లలకు తేనె అసలు తగలకూడదు, కేకులో కాల్చినా సరే. అందులో ఉండగల బాట్యులిజం జబ్బు తెచ్చే క్రిమి బీజాలు ఓవెన్ వేడికి చావవు.

పండ్ల రసానికీ ఇదే మాట. ఒక కప్పు యాపిల్ జ్యూస్‌లో సుమారు 24 గ్రాముల చక్కెర ఉంటుంది. అంతే కోలాలోనూ ఇంచుమించు అంతే. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు అర కప్పు దాటొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2017లో చెప్పింది. మంత్రగత్తె కషాయం పేరుతో పెద్ద గంగాళం నిండా జ్యూస్ పోసి పెట్టి, సోడా లేదు కదా అని మురిసిపోతాం.

మరి ఏం చేయాలి? తీపి పేరు మార్చడం కన్నా కొలత మార్చడం మేలు. అమెరికా మఫిన్ వంటకాల్లో చెప్పిన పంచదారలో పావు వంతు తీసేసినా చాలావాటికి రుచి చెడదు, రూపం చెడదు. పెద్ద ట్రే బదులు చిన్న గుంటల ట్రేలో పోస్తే పిల్లవాడి చేతికి ఒకటి వచ్చినట్టే ఉంటుంది, తినేది మూడో వంతే. కమలాపండు తొక్క ఒలిచి, నడినెత్తిన సెలరీ ముక్క గుచ్చితే గుమ్మడికాయ. సగానికి కోసిన అరటిపండు నిలబెట్టి రెండు చాక్లెట్ చుక్కలు పెడితే దెయ్యం. వీటిలో వంట లేదు, విడిగా కలిపిన చక్కెరా దాదాపు లేదు. నిజం చెప్పాలంటే మా ఇంట్లో అన్నిటికన్నా ముందు ఖాళీ అయిన పళ్లెం మాత్రం బటన్ ఇడ్లీలది. ఒక్కో ఇడ్లీ మీద క్యారెట్ చక్రం, దాని మీద నల్ల ఆలివ్ ముక్క పెట్టి, చుట్టూ బీట్‌రూట్ పచ్చడితో ఎర్రజీరలు గీశాను. పీకి పారేసిన కంటిగుడ్లన్నమాట. మా అత్తగారు ఆ పళ్లెం వైపు చూడలేకపోయారు. పిల్లలు ఎగబడ్డారు.

అపోహ: తీపి తింటే పిల్లలకు పూనకం వస్తుంది

రాదు. పిల్లలకు చక్కెర ఇచ్చి, ఇవ్వకుండా పోల్చి చూసిన అధ్యయనాలు చాలా ఉన్నాయి. వాటన్నిటినీ కలిపి విశ్లేషించిన పత్రం 1995లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. ప్రవర్తనలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. అంతకుముందు ఏడు వచ్చిన మరో ప్రయోగం ఇంకా తమాషాగా ఉంటుంది. మీ అబ్బాయికి బోలెడు పంచదార ఇచ్చామని కొందరు తల్లులకు చెప్పారు. నిజానికి ఇచ్చింది చక్కెర లేని తీపి. ఆ తల్లులు మాత్రం పిల్లాడు తెగ అల్లరి చేస్తున్నాడని మార్కులు వేశారు!

వీపున గబ్బిలం రెక్కలు, చీకటి, పది మంది స్నేహితులు, తొమ్మిదైనా పడుకోమనని అమ్మ. గెంతడానికి వేరే కారణం కావాలా? తీపి తగ్గించడానికి అసలు కారణాలు పళ్లు, ఆకలి. పళ్ల విషయంలో మొత్తం ఎంత తిన్నారన్నదాని కన్నా ఎన్నిసార్లు తిన్నారు, ఎంతసేపు అంటుకుని ఉందన్నది ముఖ్యం. ఆ లెక్కన ఆరోగ్యకరమని పంచే ఎండుద్రాక్ష, ఖర్జూరం ముద్ద పళ్ల సందుల్లో పట్టుకుని కూర్చుంటాయి. వాటితో పోలిస్తే చాక్లెట్ త్వరగా కరిగిపోతుంది. ఇది విని మా గ్రూపులో ఒకావిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అపోహ: సహజమైన రంగు అంటే శాకాహారమే

ఈ విషయం మన శాకాహార కుటుంబాలు తప్పకుండా చదవాలి. సీసా మీద సహజమైన ఎరుపు అని ఉంటే కార్మైన్ కావచ్చు. అది కోచినీల్ అనే పురుగుల నుంచి తీసిన రంగు. 2011 నుంచి అమెరికాలో ఆ పేరు లేబుల్ మీద విడిగా రాసి తీరాలి కాబట్టి వెతికితే కనిపిస్తుంది. హాలోవీన్ గుర్తుగా మారిన క్యాండీ కార్న్‌కు ఆ నిగనిగ వచ్చేది సాధారణంగా కన్ఫెక్షనర్స్ గ్లేజ్ వల్ల. అంటే లక్క. గాజులకు వాడే ఆ లక్కే, శుద్ధి చేసినది. మార్ష్‌మాలోలు, జెల్లీ పురుగుల్లో ఎక్కువగా ఉండేది జంతువుల చర్మం, ఎముకల నుంచి వచ్చే జెలటిన్.

కృత్రిమ రంగుల మీద భయం మాత్రం పూర్తిగా ఉత్తది కాదు. 2007లో బ్రిటన్‌లో జరిగిన అధ్యయనం తర్వాత ఐరోపాలో కొన్ని రంగుల మీద, పిల్లల ఏకాగ్రతపై ప్రభావం ఉండవచ్చన్న హెచ్చరిక తప్పనిసరి చేశారు. రెడ్ నెం. 3 అనే రంగుకు 2025 జనవరిలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ అనుమతి రద్దు చేసింది.

మన వంటింట్లో దొరకని రంగేమైనా ఉందా? రక్తానికి బీట్‌రూట్ పెరుగుపచ్చడి. ఊదాకు శంఖుపుష్పాల నీళ్లు: నీలంగా ఉంటాయి, నిమ్మరసం పిండగానే పిల్లల కళ్లముందే ఊదాకు తిరుగుతాయి. "పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్లు రావూ?" అని మా అత్తగారు గుర్తుచేశారు. దిష్టి తీయడానికి బాగుంటాయి గానీ తాగడానికి కాదు.

నలుపు దగ్గర జాగ్రత్త. ఇంటర్నెట్లో నల్ల ఐస్‌క్రీముకూ నల్ల బన్నులకూ యాక్టివేటెడ్ చార్‌కోల్ కలపమంటారు, ఒంట్లో విషాలు లాగేస్తుందని కూడా చెబుతారు. అది లాగేది నిజమే, వేసుకున్న మందుల్ని కూడా లాగేస్తుంది! అమెరికాలో దాన్ని ఆహారపు రంగుగా వాడటానికి అనుమతి లేదు. 2018లో న్యూయార్క్ నగర ఆరోగ్యశాఖ హోటళ్లలో వాడకాన్ని ఆపించింది. నల్ల నువ్వులు, నల్ల బియ్యం, కోకో ఉండగా బొగ్గుతో పనేముంది?

అపోహ: పండ్లే కదా, పసివాళ్లకు భయం లేదు

నన్నడిగితే అన్ని అపోహల్లోకీ ప్రమాదకరమైనది ఇది. హాలోవీన్ వంటకాల్లో కంటిగుడ్లంటే మామూలుగా గుండు ద్రాక్షే. చిన్న పిల్లల గొంతుకు అచ్చు గుద్దినట్టు సరిపోయే బిరడా అది. నున్నగా జారుతుంది, గొంతులో పడితే గాలి బొత్తిగా ఆగిపోతుంది. నాలుగేళ్ల లోపు పిల్లలకు ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేసే పెట్టాలి. పాప్‌కార్న్, గట్టి క్యాండీలు, గింజలు గింజలుగా పల్లీలు, బాదం ఆ వయసు వాళ్ల చేతికే అందకూడదు. చక్కెర లేదన్న ధీమాతో ఈ పళ్లేలన్నీ పసివాళ్లకు అందే బల్ల మీదే పెడతాం. ఆ రోజు నేను మొదట అదే చేశాను. డాక్టరుగా పనిచేసే పక్కింటావిడ మాట్లాడకుండా వచ్చి తీసి పైన పెట్టింది.

గంగాళంలో పొగలు రావాలని డ్రై ఐస్ వేసే వాళ్లకు ఒక మాట. అది సున్నాకు 78 డిగ్రీల సెల్సియస్ కింద ఉండే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. ముక్క నోట్లోకి పోతే లోపలంతా కాలినట్టు అవుతుంది. కప్పుల్లో వేయకుండా, పెద్ద గిన్నెలో నీళ్లు పోసి డ్రై ఐస్ పెట్టి అందులో పానకం గిన్నె నిలపాలి. కిటికీ తెరిచి ఉంచాలి. పొగ అదే వస్తుంది.

అపోహ: గుడ్డు లేదు కాబట్టి పచ్చి కుకీ పిండి నాకొచ్చు

మైదా పచ్చి ధాన్యపు పిండి, క్రిములను చంపే వేడి దానికి ఎక్కడా తగలదు. 2016లో అమెరికాలో ఈ-కోలై జబ్బు వ్యాపించినప్పుడు మూలం వెతుకుతూ వెళ్తే పిండి సంచుల దగ్గర తేలింది. గిన్నె అంచు నాకడం నాకూ ఇష్టమే. మానేశాను.

అపోహ: అలర్జీలన్నీ అమెరికా వాళ్ల చాదస్తం

పల్లీ చిక్కీ, నువ్వులుండ మన దృష్టిలో పోషకాల మూట. మనకు నిజమే. వచ్చే పాతికమంది పిల్లల్లో ఒకరికి అది ప్రాణాల మీదికి తేవచ్చు, ఆ ఒక్కరూ తెలుగువాళ్ల పిల్లలే అయ్యుండొచ్చు. నువ్వులను అమెరికా 2023 జనవరి 1 నుంచి తొమ్మిదో ప్రధాన అలర్జీ కారకంగా లేబుళ్లలో చేర్చింది. నల్ల రంగుకు నువ్వులు వాడమని పైన నేనే చెప్పాను కాబట్టి ఇక్కడ నన్ను నేను సరిదిద్దుకోవాలి: ఆ పళ్లెం పక్కన ఏం వేశారో చీటీ రాసి పెట్టండి. 2014 నుంచి కొన్ని ఇళ్ల ముందు నీలిపచ్చ రంగు గుమ్మడికాయ కనిపిస్తోంది. పండగ రాత్రి ఇంటింటికీ తిరిగి మిఠాయి అడిగే పిల్లలకు ఈ ఇంట్లో తిండి కాకుండా బొమ్మలు, స్టిక్కర్లు కూడా ఇస్తామని దాని అర్థం.

అపోహ: మిఠాయిలో విషం పెట్టే అపరిచితులున్నారు

డెలావేర్ విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్ 1958 నుంచి వచ్చిన వార్తలన్నీ తవ్వారు. ఇంటింటికీ తిరిగి అడిగినప్పుడు ఎవరో తెలియనివాళ్లు ఇచ్చిన విషపు మిఠాయితో పిల్లవాడు చనిపోయినట్టు రుజువైన కేసు ఒక్కటీ ఆయనకు దొరకలేదు. 1974లో మా టెక్సస్‌లోనే, డీర్ పార్క్ ఊళ్లో, ఒక పిల్లవాడు సైనైడ్ కలిపిన మిఠాయి తిని చనిపోయాడు. పెట్టింది ఇన్సూరెన్స్ డబ్బు మీద ఆశపడ్డ కన్నతండ్రి. అయినా బెల్లు కొట్టే పిల్లలకు మాత్రం ఇంట్లో చేసినవి కాక ప్యాకెట్టే ఇవ్వండి, అందులో ఏముందో వాళ్ల తల్లి చదువుకోవాలి కదా.

అలాగని క్యాండీని ఇంట్లోకే రానివ్వకుండా తలుపేసినా లాభం లేదు. కళ్లెదుట పెట్టి వద్దంటే పిల్లల ధ్యాసంతా దాని మీదే ఉంటుందని 1999లో ఫిషర్, బర్చ్ అనే పరిశోధకులు చూపించారు. ముందు కడుపు నిండా అన్నం, తర్వాత మిఠాయి సంచీ విప్పడం. మా ఇంట్లో నడిచే పద్ధతి అది.

అపోహ: పంప్‌కిన్ అని ఉంటే గుమ్మడికాయ తిన్నట్టే

పంప్‌కిన్ స్పైస్‌లో గుమ్మడికాయ ఉండదు. దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ, లవంగం, అంతే. ఆ పేరుతో 2003లో వచ్చిన ప్రసిద్ధ కాఫీలో కూడా 2015 దాకా గుమ్మడి లేదు. గుమ్మడి డబ్బా కొనేటప్పుడు "పంప్‌కిన్ పై మిక్స్" అని ఉన్నది తీసుకుంటే అందులో చక్కెర ముందే కలిసి ఉంటుంది. ఉత్త గుమ్మడి గుజ్జుదే వెతకాలి. వంద గ్రాములకు 34 కేలరీలు, విటమిన్ ఎ దండిగా.

చెక్కే పెద్ద కాయ మాటేమిటి? తినొచ్చు. కాకపోతే నీరు, పీచు ఎక్కువ. మా అత్తగారు మొహం చెక్కే ముందు లోపలి కండంతా గరిటెతో గీకి, ఎప్పటికప్పుడు ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు దప్పళం పెట్టారు. "చప్పిడి కాయ, బెల్లం మామూలు కన్నా ఎక్కువ పడుతుంది" అన్నారు. పడింది కూడా. అంతసేపూ బెల్లం మీద ఉపన్యాసం ఇచ్చిన నేను నోరు మూసుకుని తిన్నాను. గింజలు కడిగి, ఉప్పూ కారం పట్టించి ఓవెన్‌లో వేయించాం. చెక్కిన కాయను కూడా పండగ అయ్యాక కూర చేస్తానని ఆవిడ పట్టుబట్టారు గానీ, కోసి, లోపల దీపం పెట్టి, రోజంతా బయట ఉంచిన కాయ తినకూడదని ఒప్పించాను. వాకిట్లో వదిలేశాం. రెండో రోజుకల్లా ఉడుతలు ముక్కు కొరికేసి, ఒక కన్ను కూడా పెద్దది చేశాయి.